ఎనిమిది వేల గీత

ఆ ఇస్త్రీపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుపడితే ‘సార్’ అనేవాళ్ళు. పక్కకి తిరగ్గానే ‘వచ్చేనెల’ అనేవాళ్ళు. “వచ్చేనెల క్యాంటీన్‌కి వచ్చాడా?” “లేదు, వచ్చేనెలకి ఇవాళ పంటినొప్పి.” కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఈ మాటలు అర్థం కావడానికి వారం పట్టేది.

ఆ పేరు ఊరికే రాలేదు. వచ్చేనెల సంగతి చెప్పడమే ఆయన ఉద్యోగం. ప్రతి నెలా ఆఖరి వారంలో, రాబోయే నెలలో ఎన్ని ఇస్త్రీపెట్టెలు అమ్ముడవుతాయో అంచనా కట్టి కాగితం మీద రాసి పైకి పంపాలి. ఆ ఒక్క అంకె మీద ఫ్యాక్టరీ అంతా నడిచేది. పోతపని షెడ్డులో లోహం కరిగించి ఎన్ని అడుగుపలకలు పోయాలి, ఎన్ని వైర్లు తెప్పించాలి, పెట్టెలు బిగించే ఆడవాళ్ళు ఒక షిఫ్టు రావాలా రెండు షిఫ్టులు రావాలా, అన్నీ ఆ అంకె చూసుకునే. ఇరవై ఆరేళ్ళుగా ఆయనే రాస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ అంకె ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువగానే ఉంటోంది. ఎవరైనా అడిగితే, “ఈ నెల కొంచెం డల్లుగా ఉంది గానీ, వచ్చేనెల పుంజుకుంటుంది” అనేవాడు.

అబద్ధాలకోరు అనడానికి లేదు. ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేడు, అంతే. బస్టాపులో ఎవరైనా బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే, తనకి తెలియకపోయినా “ఇదిగో, రెండు నిమిషాల్లో” అని చెప్పే రకం. ఆయన భార్య అనేది: “మీరు డాక్టరు కాకపోవడం లోకానికి మేలైంది. పోయినవాణ్ణి కూడా రేపటికి లేచి కూర్చుంటాడని చెప్పి ఇంటికి పంపేవాళ్ళు.”

మంచిరోజుల్లో ఆ అలవాటు వల్ల పెద్ద నష్టం రాలేదు. ఆయన ఎక్కువ రాస్తే, రెండు నెలలు ఆలస్యంగానైనా అమ్మకాలు అక్కడికి చేరేవి. నెలకి పదకొండు వేల పెట్టెలు పోయిన కాలం అది. తర్వాత ఓడల మీద వేరే పెట్టెలు రావడం మొదలైంది. తేలిక, రంగురంగులవి. వాటి అమ్మకం ధర, ఇక్కడ ఒక్క అడుగుపలకకి అయ్యే అల్యూమినియం ఖర్చు కంటే తక్కువ. దానికి తోడు కరెంటు చార్జీలు పెరిగాయి. నలగని బట్టలొచ్చాయి. పెద్ద పెద్ద షాపులవాళ్ళు, మీ పెట్టె మీద మా పేరు వేసి ఇస్తేనే తీసుకుంటాం అనడం మొదలుపెట్టారు. అమ్మకాలు తొమ్మిది వేలయ్యాయి, ఏడయ్యాయి, ఆరయ్యాయి. కాగితం మీద అంకె మాత్రం తొమ్మిదిన్నర వేల దగ్గరే కదలకుండా కూర్చుంది.

అమ్ముడవని పెట్టెలు ఎక్కడికీ పోవు. గోడౌన్ నిండింది. దాన్ని చూసుకునే ఆవిడని అందరూ ‘గోడౌన్ అక్క’ అనేవాళ్ళు. ఆవిడ మొదట పెట్టెల వరస ఎత్తు పెంచింది, తర్వాత నడిచే దారి తగ్గించింది, ఆ తర్వాత సైకిల్ స్టాండు ఖాళీ చేయించింది. ఆఖరికి క్యాంటీన్‌లో ఒక గోడ పొడవునా అట్టపెట్టెలు కప్పుదాకా చేరాయి. జనం వాటికి వీపు ఆనించి భోజనాలు చేసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒక మంగళవారం మేడమ్ ఆయన్ని పిలిపించింది.

మేడమ్ అంటే ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన కూతురు. ఆ కుర్చీలో కూర్చుని రెండేళ్ళయింది. ఆవిడ స్కూలు బ్యాగుతో వచ్చి పోతపని షెడ్డు గుమ్మంలో నిలబడి, కరిగిన లోహాన్ని నోరు తెరుచుకుని చూసిన రోజులు ఆయనకి ఇంకా గుర్తే.

“కూర్చోండి అంకుల్” అని, ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, దాని పక్కన ‘8,000’ అని రాసింది. “నెలకి ఇన్ని అమ్మగలిగితే మన పలకలు మనం పోసుకోవడంలో అర్థముంది. ఇంతకంటే తగ్గితే కొలిమి వెలిగించడం దండగ. పలకలు రెడీమేడ్‌గా బయట దొరుకుతున్నాయి, తెచ్చి బిగించుకోవడమే. అప్పుడు పోతపని షెడ్డు మూసెయ్యాలి. పద్నాలుగు మంది.”

ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. “అంత తొందరెందుకమ్మా? వచ్చేనెల…”

“ఆ మాటే వద్దంటున్నాను.” ఆవిడ గొంతు పెంచలేదు. “రాబోయే ఆరు నెలల అంకె నాకు సోమవారానికి కావాలి. నాకు నచ్చే అంకె వద్దు, మీకు నచ్చే అంకె కూడా వద్దు. కొట్టుకొట్టుకీ తిరిగి చూసి చెప్పండి. గీతకి పైనా, కిందా? మీరు ఏది చెబితే అదే చేస్తాను.”

“నా మాట మీదే పెడితే ఎలాగమ్మా?”

“ఇప్పటిదాకా మీ మాట మీదే కదా అంకుల్ నడిచింది.”

మెట్లు దిగుతూ ఆయన ఒక్కొక్కరి పేరూ తలుచుకున్నాడు. ఆ పద్నాలుగు మందికి పెద్ద పోత మేస్త్రీ. ఆ పోత మేస్త్రీ ఆయనకి స్వయానా వియ్యంకుడు.

ఆరేళ్ళ క్రితం ఆయన కూతుర్ని మేస్త్రీ కొడుక్కి ఇచ్చారు. అల్లుడు లారీల బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. మేస్త్రీవాళ్ళంతా ఒకే ఇంట్లో ఉంటారు. ఈయన ఇంటినుంచి బస్సులో ఇరవై నిమిషాలు. ఆదివారం వస్తే చాలు, పిలిచినా పిలవకపోయినా ఈయన ఆ బస్సు ఎక్కేవాడు. వియ్యంకులిద్దరికీ ‘బావగారూ’ అంటే ‘బావగారూ’ అనుకునే చనువు. ఫ్యాక్టరీలో కూడా అదే పిలుపు.

బుధవారం నుంచి ఆయన కొట్లు తిరగడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఫోన్‌లో పలకరించి, అటువాళ్ళు చెప్పినదానికి పది కలిపి రాసుకోవడమే గానీ, ఇలా కాలినడకన తిరిగి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఒక కొట్టులో వీళ్ళ పెట్టెలు పై అరలో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ఇంకో కొట్టులో అసలు లేవు. “ఆపేశాం సార్, మీవాళ్ళకి చెప్పాంగా” అన్నాడు అక్కడి కుర్రాడు. నిజమే, చెప్పారు. విన్నది ఈయనే. ‘తాత్కాలికంగా’ అని తన తరఫున ఒక మాట చేర్చి రాసుకున్నదీ ఈయనే.

ఇరవై ఏళ్ళుగా ఎరిగిన ముసలి కొట్టాయన టీ తెప్పించి మరీ చెప్పాడు. “మీ పెట్టె మంచిదే. కాదన్నదెవరు? మా నాన్న కొన్నది మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. అదే మీకొచ్చిన చిక్కు. కొన్నవాడు మళ్ళీ రాడు. ఆ రంగు పెట్టె కొన్నవాడు ఏడాదిన్నరకి మళ్ళీ వస్తాడు. నేను కొట్టు పెట్టుకున్నది మళ్ళీ వచ్చేవాడి కోసమే కదా.”

శుక్రవారం మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక ఒక లాండ్రీ అరుగు మీద కూర్చున్నాడు. లోపల నలుగురు హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నారు. ఆయన చేతి సంచీలోంచి తొంగిచూస్తున్న నమూనా పెట్టెని చూసి యజమాని నవ్వాడు. “బొమ్మలా ఉంది సార్ ఇది. మాకు బరువు కావాలి. చెయ్యి నొక్కకుండా పెట్టే నొక్కాలి. ఇనప దిమ్మతో పాతకాలం పెట్టెలు ఉండేవి చూడండి, అవి చెయ్యడం మానేశారు. ఉన్నవాటికే అతుకులేసుకుని బతుకుతున్నాం.” చుట్టుపక్కల ఇంకో పదిమందికి ఇదే బాధ అన్నాడు. ఆయన వినీ విననట్టు విని, అలవాటు కొద్దీ బస్సు టికెట్ వెనక రాసుకున్నాడు. మనసు మాత్రం ఎనిమిది వేల గీత దగ్గరే తిరుగుతోంది.

శనివారం లెక్క తేల్చాడు. అయిదు వేల వంద. ఆశపడ్డ చోటల్లా ఆశ పెట్టుకుని మళ్ళీ కూడాడు. అయిదు వేల ఆరువందలు. మూడోసారి కూడటానికి సిగ్గేసింది.

ఆదివారం కూతురింటికి వెళ్ళాడు. వెళ్ళకుండా ఉంటే అనుమానం వస్తుందని వెళ్ళాడు. మేస్త్రీ బనీనుతో డాబా మీద నిలబడి, వాననీళ్ళు కారుతున్న చోట సిమెంటు పూస్తున్నాడు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. మనిషి సన్నం, మాట తక్కువ, నవ్వు మాత్రం ధారాళం.

“రండి బావగారూ. చేతులు బాగాలేవు, లేకపోతే కౌగిలించుకునేవాణ్ణి” అన్నాడు.

భోజనాల దగ్గర కూతురు వడ్డిస్తోంది. మేస్త్రీ ముద్ద కలుపుతూ అడిగాడు: “ఏమంటారు బావగారూ, సోమవారం మీరేదో పెద్ద కాగితం ఇస్తున్నారట? షెడ్డులో కుర్రాళ్ళు గుసగుసలాడుతున్నారు. నేను చెప్పాను, అక్కడున్నది మా బావగారు, మన మీద ఈగ వాలనివ్వరని.”

“అబ్బే, మామూలు కాగితమే” అని ఆయన నీళ్ళు నమిలాడు.

“ఆ మోటారు పంపుల వాళ్ళ చోటు నిండిపోయిందట, తెలుసా? మన దగ్గర పని నేర్చుకున్నవాడే చేరాడు. పోనీలెండి. మీరు చెప్పబట్టి ఆగాను. లేకపోతే ఈ వయసులో ఊరు మారి, కొత్త మనుషులతో… మీకు రుణపడి ఉన్నాను బావగారూ.”

ఆయన మంచినీళ్ళు అడిగాడు. కూతురు నీళ్ళగ్లాసు అందించింది.

నాలుగు నెలల క్రితం సంగతి అది. వేరే ఊళ్ళో మోటారు పంపులు చేసే కంపెనీ కొత్తగా పోతపని పెట్టుకుంటూ మేస్త్రీని పిలిచింది. ఇల్లు కూడా ఇస్తామన్నారు. అల్లుడి పనికి ఏ ఊరైనా ఒకటే కాబట్టి ఇంటిల్లిపాదీ వెళ్ళిపోవచ్చు. మేస్త్రీ వచ్చి, “వెళ్ళమంటారా, ఉండమంటారా? ఫ్యాక్టరీ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు” అని అడిగాడు. ఈయన క్షణం కూడా ఆలోచించలేదు. “ఎక్కడికీ కదలకండి. వచ్చేనెల నుంచి పుంజుకుంటుంది” అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన ఆ రోజుని మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకున్నాడు. అప్పటికే అమ్మకాలు ఆరున్నర వేలు. పుంజుకునే సూచన ఒక్కటీ లేదు. మరి ఎందుకన్నట్టు? ఆశ కొద్దీ అన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది ఆశ కాదు. వాళ్ళు వెళ్ళిపోతే కూతురు వెళ్ళిపోతుంది. ఆదివారాలు వెళ్ళిపోతాయి. ఆ ఇరవై నిమిషాల దూరం పెరగకూడదని ఒక మనిషి చేతిలోని పనిని జారవిడిపించాడు. పైగా ఆ మనిషి చేత రుణపడి ఉన్నానని అనిపించుకున్నాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ తెలియలేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసులో తలుపు వేసుకుని కాగితం ముందు పెట్టుకున్నాడు. ‘8,200’ అని రాశాడు. అలవాటు పడ్డ చెయ్యి, ఎక్కడా ఆగలేదు. ఈ అంకె ఇస్తే షెడ్డుకి ఇంకో ఆరు నెలల ఆయుష్షు. ఈలోగా ఏదో ఒకటి జరగకపోదు.

అప్పుడే గోడౌన్ అక్క తలుపు తోసుకుని వచ్చింది. “సార్, శనివారం సరుకు ఎక్కడ పెట్టమంటారు? ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది ఒక్కటే మిగిలింది. అందులో పెడితే మేం గోడౌన్‌లోనే మార్చుకోవాలి.”

“ఒక్క నెల సర్దుకోండమ్మా…” అంటూనే ఆయన కాగితం మీద చెయ్యి వేశాడు.

ఆవిడ చూడనే చూసింది. గొంతు తగ్గించి అంది: “ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఇన్ని పెట్టెలు ఎవరైనా కొంటారని మీకు నిజంగా తెలిసి రాస్తున్నారా, మా పనులు పోకూడదని రాస్తున్నారా? రెండోదైతే మీ మనసు మంచిదే. కానీ నేను రోజూ ఆ వరసల కింద నడుస్తాను సార్. మొన్న ఒక వరస ఒరిగింది. నా పక్కనే పడింది. ఎవరికీ చెప్పలేదు.”

ఆవిడ వెళ్ళాక కాగితాన్ని నాలుగుగా చింపి, కొత్తది తీసుకుని ‘5,100’ అని రాశాడు. మేడమ్ గదికి ఎక్కే మెట్లు ఎడమవైపున ఉన్నాయి. ఆయన కుడివైపు తిరిగి షెడ్డుకి నడిచాడు. ఈ మాట మేస్త్రీకి ఇంకొకరి నోట చేరడం తనకి ఇష్టం లేదు.

షెడ్డులో కొలిమి వేడి మొహాన కొట్టింది. మేస్త్రీ పొడుగు కాడ గరిటెతో కరిగిన అల్యూమినియం తీసి అచ్చుల్లో పోస్తున్నాడు. చుక్క బయట పడకుండా, ఒకే వేగంతో, పాలు పోసినట్టు.

“బావగారూ, ఒక్క మాట.”

“నాలుగు అచ్చులున్నాయి. పోసేసి వస్తాను. సగంలో ఆపితే పాడైపోతాయి.”

ఆ నాలుగు అచ్చులూ పోసేదాకా ఆయన నిలబడ్డాడు. మేస్త్రీ చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“షెడ్డు మూసేస్తారు. మేడమ్ ఎనిమిది వేలకి గీత గీసింది. నా లెక్క అయిదు వేల వంద. ఇప్పుడు వెళ్ళి ఇవ్వబోతున్నాను. ముందు మీకు చెప్పాలని…”

మేస్త్రీ వెనక్కి తిరిగి పనిచేసుకుంటున్నవాళ్ళని ఒకసారి చూశాడు. అందరూ చేతులు ఆపి ఇటే చూస్తున్నారు. “పని చూసుకోండి” అన్నాడు వాళ్ళతో. తర్వాత ఈయన వైపు తిరిగి, “ఎప్పట్నుంచి తెలుసు మీకు?” అని అడిగాడు.

మొన్ననే తెలిసింది అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“మీరు పంపుల కంపెనీ సంగతి అడిగిన రోజుకే తెలుసు” అన్నాడు.

“తెలిసే ఉండమన్నారా?”

“తెలిసే అన్నాను. అమ్మాయి దూరమైపోతుందని.”

మేస్త్రీ చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది ఈయనకి. మేస్త్రీ చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, “సరే సార్. ఇంకో రెండు గంటల పోత ఉంది, నన్ను చేసుకోనివ్వండి” అని లోపలికి వెళ్ళిపోయాడు.

‘సార్’ అన్న ఆ ఒక్క మాట ఆయన వీపున బరువులా ఎక్కి కూర్చుంది.

మూడు వారాల్లో షెడ్డు మూతపడింది. తొమ్మిదేళ్ళుగా ఆగని కొలిమి చల్లారడానికి రెండు రోజులు పట్టింది. మేడమ్ పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడింది. కళ్ళెర్రబడినా గదిలోంచి బయటికి రాలేదు. ఆయన రాజీనామా కాగితం ఇస్తే చదివి, వెనక్కి తోసింది. “నాకు ఇప్పుడు మీరు కావాలి అంకుల్. రాయడానికి బాధపడే మనిషి రాసిన అంకె నమ్మొచ్చు. వెళ్ళి పని చేసుకోండి.” అది మెచ్చుకోలో శిక్షో ఆయనకి తెలియలేదు.

ఆదివారాలు బస్సు ఎక్కడం మానేశాడు. మూడో ఆదివారం గడిచాక, ఒక సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కూతురు ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది:

“మామయ్య ఏమీ చెప్పలేదు. షెడ్డులో పనిచేసిన ఒకతని భార్య చెప్పింది. నిజమేనా నాన్నా? నా కోసమే ఆపావా ఆయన్ని?”

“నువ్వు దూరమైతే మీ అమ్మ తట్టుకోలేదని…”

లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “నా పేరు మధ్యలోకి తేకండి. నన్నెవరూ అడగలేదు.”

“నన్నూ అడగలేదు” అంది కూతురు. “అడిగి ఉంటే చెప్పేదాన్ని. నాకు వెళ్ళాలనే ఉంది అప్పుడు. మాకంటూ ఒక గది ఉండేది ఆ ఇంట్లో. నువ్వు ఎవరికీ చెడు చెయ్యవు నాన్నా, నాకు తెలుసు. కానీ మాకేది మంచిదో మమ్మల్ని అడక్కుండా నువ్వే రాసేస్తావు.” కళ్ళు తుడుచుకుని, తల్లి దగ్గరికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ముందుగదిలో ఒక్కడే కూర్చున్నాడు. లోపల తల్లీకూతుళ్ళు మామూలు గొంతుతో ఇంటి సంగతులు మాట్లాడుకుంటున్నారు. లేచి వెళ్ళి ఆ మాటల్లో కలవడానికి మొహం చెల్లలేదు.

ఫ్యాక్టరీ మూతపడలేదు. అదీ చెప్పాలి. రెడీమేడ్ పలకలతో ఒకే షిఫ్టు నడిచింది. క్యాంటీన్ గోడ మళ్ళీ కనబడటానికి రెండు నెలలు పట్టింది. ఆ రోజుల్లోనే చొక్కా జేబులు వెతుకుతుంటే లాండ్రీ మాటలు రాసుకున్న బస్సు టికెట్ దొరికింది. ఈసారి దాన్ని నేరుగా మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. “పెద్ద సంఖ్య కాదమ్మా. లాండ్రీలు, దర్జీలు కలిపి నెలకి నాలుగు వందలుంటాయేమో. వాళ్ళకి సరుకు అమ్మే కొట్లు యాభై తిరిగి అడిగాను. కొంటామని గట్టిగా చెప్పింది పంతొమ్మిది మంది. మిగతావాళ్ళు చూద్దామన్నారు. చూద్దామన్నవాళ్ళని నేను కలపలేదు.”

మేడమ్ ఆ మాటకి మొదటిసారి నవ్వింది. బరువు పెట్టెకి పలక మందంగా ఉండాలి. అలాంటిది రెడీమేడ్‌గా దొరకదు. నలుగురిని వెనక్కి పిలిచి చిన్న కొలిమి వెలిగించారు. పోసిన మొదటి ముప్ఫై పలకల్లో ఇరవై రెండు పనికిరాలేదు. సాన పట్టగానే లోపలి బుడగలన్నీ చిల్లులుగా బయటపడ్డాయి. నలుగురూ తలలు పట్టుకున్నారు. ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పగలిగే మనిషి ఒక్కడే.

“మీరు పిలవండి అంకుల్. ఉద్యోగం కూడా ఇస్తానని చెప్పండి” అంది మేడమ్.

మూడు నెలల తర్వాత ఆయన ఆ బస్సు ఎక్కాడు. మేస్త్రీ గుమ్మంలోనే కుర్చీ వేశాడు. అంతా విని, “ఉద్యోగం వద్దు సార్” అన్నాడు. “పైపుల కంపెనీ ఒకటి పిలిచింది. ఇక్కడికి ఆరుగంటల ప్రయాణం. ముందు పంపులవాళ్ళు ఇస్తామన్న పనికంటే చిన్న పని. వచ్చే వారం అందరం వెళ్ళిపోతున్నాం. కానీ పలకలు పాడవుతున్నాయంటే వినడానికి బాగాలేదు. రేపు పొద్దున వస్తాను. కుర్రాళ్ళని అచ్చులు తుడిచి పెట్టమనండి.”

అన్నట్టే వచ్చాడు. చిల్లులు పడ్డ పలకని వెలుగులోకి పట్టుకుని చూశాడు, గరిటెని వాసన చూశాడు, కొలిమి వైపు ఒక చూపు చూసి ఆ నలుగురినీ తిట్టడం మొదలుపెట్టాడు. “ఇంత మందం పలకకి లోహాన్ని ఇంత కాస్తారట్రా? ఎక్కువ కాగితే గాలి మింగుతుంది. వేడి తగ్గించు. అచ్చుని ముందే వెచ్చబెట్టు. గరిటె తడిగా ఉంది, చెమట పట్టిన గరిటె ముంచితే బుడగలు కాక ముత్యాలొస్తాయా?” మధ్యాహ్నానికల్లా పదికి తొమ్మిది పలకలు చిల్లు లేకుండా వచ్చాయి. మేడమ్ కవరు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఈయనతో మాట్లాడిందంతా పని గురించే.

వాళ్ళు ఊరు విడిచే రోజున వెళ్ళాలా వద్దా అని ఆయన పొద్దున్నంతా గదిలో పచార్లు చేశాడు. భార్య చీర మార్చుకుని వచ్చి, “నేను వెళ్తున్నాను. వస్తే రండి” అని తాళం చేతిలో పెట్టింది.

వెళ్ళేసరికి ఇంటిముందు లారీ ఉంది. అల్లుడు పైన నిలబడి సామాన్లు అందుకుంటున్నాడు. ఇనప బీరువా ఇంకా మేడమీదే ఉంది. మేస్త్రీ దాన్ని ఒక్కడే కదిలించాలని చూస్తున్నాడు. ఈయన ఏమీ అడగకుండా వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు. మేస్త్రీ ఒక్క క్షణం ఆగి, తన వైపు ఎత్తాడు.

మెట్లు ఇరుకు. మలుపు దగ్గర బీరువా గోడకి ఆనుకుని ఇరుక్కుపోయింది.

“మీవైపు కాస్త దించండి.”

“దించాను.”

“ఇంకా. వేళ్ళు జాగ్రత్త, గోడ ఉందక్కడ.”

“చూశాను. మీ వెనక మెట్టు విరిగింది, కాలు చూసి వెయ్యండి.”

ఇద్దరూ అరవైకి దగ్గరపడ్డవాళ్ళు. కిందికి దించేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. బీరువాకి చెరోవైపూ ఆనుకుని నిలబడ్డారు. మేస్త్రీ కొడుకుని కేకేసి నీళ్ళ సీసా తెప్పించి, తను రెండు గుక్కలు తాగి, సీసాని బీరువా మీదుగా ఈయనకి జరిపాడు. ఈయన తాగాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకుని వచ్చాడు. అడిగితే మేస్త్రీ ఏదో ఒకటి మంచిగా అనాల్సి వస్తుంది. ఆ అవసరం ఆయనకి కలిగించడం సబబుగా అనిపించక ఊరుకున్నాడు.

లారీ కదిలేముందు కూతురు ముందు సీట్లోంచి వంగి తల్లి చెయ్యి పట్టుకుంది, తర్వాత తండ్రి చెయ్యి. “మాకు వీలైనప్పుడు ఫోన్ చేస్తాను, అప్పుడు రండి” అంది. ఎప్పుడని ఆయన అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. లారీ సందు మలుపు తిరిగింది. ఖాళీ ఇంటి తలుపు గాలికి కొట్టుకుంటుంటే ఆయన వెళ్ళి గడియ పెట్టాడు. భార్య అప్పటికే బస్టాపు వైపు నడుస్తోంది. ఆయన వేగంగా నడిచి ఆవిణ్ణి కలుసుకున్నాడు.